గ్రాండ్ టెస్టు మార్కులు అసలు పరీక్షలో ఎందుకు రావు?

ఇంటర్మీడియట్ ఎంపీసీ చదువుతూ జేఈఈ మెయిన్‌కు సిద్ధమయ్యే విద్యార్థి రెండేళ్లపాటు వీకెండ్ టెస్టుల్లోనూ, చివరి నెలల్లో రాసే గ్రాండ్ టెస్టుల్లోనూ మంచి మార్కులు తెచ్చుకొని, తీరా అసలు పరీక్షలో వాటికి ఎంతో తక్కువ తెచ్చుకోవడం తెలుగు రాష్ట్రాల్లో ఏటా ఫలితాల రోజున అనేక ఇళ్లలో ఎదురయ్యే పరిస్థితి. ఆ రోజున వినిపించే వ్యాఖ్యలు సాధారణంగా రెండే రకాలు: పరీక్ష హాల్లో భయపడిపోయాడని కొందరు, ఇన్నాళ్లూ వచ్చిన మార్కులే నిజమైనవి కావని మరికొందరు. మొదటిది పిల్లవాడి స్వభావం మీద నింద, రెండోది అతని నిజాయితీ మీద అనుమానం. ప్రశ్నపత్రాన్ని ఒక్కసారైనా తెరిచి చూడకముందే రెండూ తీర్పులుగా స్థిరపడిపోతాయి. నిజానికి గ్రాండ్ టెస్టు మార్కులూ అసలు పరీక్ష మార్కులూ రెండూ నిజమైనవే. వేర్వేరు పరిస్థితుల్లో వేర్వేరు విషయాలను కొలిచిన ఆ రెండు అంకెల మధ్య ఉన్న తేడాను ఓపికగా చదవగలిగితే, తరువాత చేయవలసిన పని అందులోనే చాలావరకు దొరుకుతుంది.

ముందుగా స్కోరు అనే మాటకు ఇక్కడ ఉన్న అర్థాన్ని స్పష్టం చేసుకోవాలి. జాతీయ పరీక్షల సంస్థ, అంటే ఎన్‌టీఏ, 2019 నుంచి నిర్వహిస్తున్న జేఈఈ మెయిన్ ఏడాదిలో రెండు సెషన్లుగా, ప్రతి సెషన్‌లోనూ అనేక షిఫ్టులుగా కంప్యూటర్ మీద జరుగుతుంది. గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం ఒక్కోదానికి 25 చొప్పున మొత్తం 75 ప్రశ్నలు, 300 మార్కులు, మూడు గంటల సమయం. సరైన జవాబుకు నాలుగు మార్కులు కలుస్తాయి, తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది. ఒక్కో షిఫ్టుకు ఒక్కో ప్రశ్నపత్రం ఉండటం వల్ల, ఒకటి తేలికగా మరొకటి కఠినంగా ఉండే అవకాశాన్ని దృష్టిలో పెట్టుకొని, వచ్చిన మార్కులను పర్సంటైల్‌గా మారుస్తారు. ఒక షిఫ్టులో పరీక్ష రాసినవారిలో నూటికి ఎంతమంది ఒక విద్యార్థితో సమానంగా గానీ, అతనికంటే తక్కువగా గానీ మార్కులు తెచ్చుకున్నారో చెప్పే సంఖ్యే పర్సంటైల్. పది లక్షల మంది రాసే పరీక్షలో ఒక్క పర్సంటైల్ తేడా పదివేల మంది విద్యార్థులతో సమానం కనుక, 99కి బదులు 98 వచ్చిందంటే ర్యాంకు ఇంచుమించు పదివేల దగ్గర నుంచి ఇరవైవేల దగ్గరికి జరిగిందని అర్థం. కాలేజీ గ్రాండ్ టెస్టులో వచ్చేవి మార్కులు, ఆ కాలేజీ శాఖల మధ్య లెక్కించిన ర్యాంకు మాత్రమే. వాటిని దేశవ్యాప్త పర్సంటైల్ పక్కన పెట్టి పోల్చడం కొలమానాలు కలవని పోలిక. అందువల్ల ఫలితం వెలువడిన తరువాత చేయవలసిన మొదటి పని, ఎన్‌టీఏ విడుదల చేసే రెస్పాన్స్ షీటును, అంటే విద్యార్థి గుర్తించిన జవాబుల పత్రాన్ని, తుది కీతో సరిచూసి 300కు వచ్చిన అసలు మార్కులను లెక్కించడం. ఈ పని చేశాక కొన్ని ఇళ్లలో పడిపోయాయనుకున్న మార్కులు పడిపోనేలేదని, పోటీ పడిన జనం మాత్రమే మారారని తేలుతుంది.

మార్కులే నిజంగా తగ్గిన సందర్భంలోనూ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త చార్లెస్ స్పియర్‌మన్ 1904లో వేసిన పునాదుల మీద పెరిగిన పరీక్షా సిద్ధాంతం ప్రకారం, ఏ పరీక్షలో వచ్చిన మార్కులైనా రెండు భాగాల మొత్తం: ఒకటి విద్యార్థి సామర్థ్యాన్ని తెలిపే నిజమైన స్కోరు, రెండోది ఆ రోజు, ఆ ప్రశ్నపత్రం, ఊహతో పెట్టిన గుర్తులు కలిసి తెచ్చే హెచ్చుతగ్గు, దానినే కొలత దోషం అంటారు. ఇంటర్ రెండేళ్ల పాఠ్యాంశాల నుంచి ఒక్కో సబ్జెక్టుకు 25 ప్రశ్నలే వస్తాయి కాబట్టి, బాగా వచ్చిన అధ్యాయం నుంచి రెండు ప్రశ్నలు రావడమో, అంతగా పట్టుబడని అధ్యాయం నుంచి ఆ రెండూ రావడమో ఎవరి చేతుల్లోనూ లేదు. సరిగా రావలసిన ఒక జవాబు తప్పైతే పోయేది నాలుగు మార్కులు కాదు, రావలసిన నాలుగుతో పాటు కోతపడిన ఒకటి కలిపి అయిదు. అలాంటివి ఆరు జరిగితే ముప్ఫై మార్కులు పోతాయి. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే ప్రశ్నలు ఎనిమిదింటికి ఊహతో గుర్తు పెడితే సగటున రెండు మార్కులు రావచ్చు గానీ, ఒక్కటీ తగలకపోతే ఎనిమిది మార్కులు పోతాయి, నాలుగు తగిలితే పన్నెండు కలుస్తాయి. అమెరికాలో కళాశాల ప్రవేశాలకు ఉపయోగించే శాట్ పరీక్ష నివేదికలో స్కోరుతో పాటు, అదే విద్యార్థి మళ్లీ రాస్తే ఏ పరిధిలో రావచ్చో చెప్పే అంకెలనూ ముద్రిస్తారు. జేఈఈ మెయిన్ పర్సంటైల్‌ను మాత్రం, సమాన స్కోర్లను తగ్గించే ఉద్దేశంతో, ఏడు దశాంశ స్థానాల వరకు ఇస్తారు. సీట్ల కేటాయింపుకు ఆ సూక్ష్మత అవసరమే. అయితే ఆ ఏడు దశాంశాలను చూసిన తల్లిదండ్రులకు పిల్లవాడి తెలివితేటలను కూడా అంతే సూక్ష్మంగా కొలిచారన్న భ్రమ కలగడం సహజం కనుక, శాట్ తరహాలో ఒక పరిధిని కూడా ముద్రించడం న్యాయం.

ఈ హెచ్చుతగ్గుల నుంచే పుట్టే మరో పరిణామాన్ని గణాంకశాస్త్రంలో సగటు వైపు తిరోగమనం అంటారు. ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లో తల్లిదండ్రుల ఎత్తులను పిల్లల ఎత్తులతో పోల్చి, మరీ పొడవైనవారి సంతానం సగటున వారికంటే కొంత తక్కువ ఎత్తుకు చేరుతుందని చూపినప్పుడు ఈ భావన రూపుదిద్దుకుంది. అసాధారణంగా ఎక్కువగా వచ్చిన ఏ కొలతలోనైనా అదృష్టం పాలు కొంత ఉంటుంది కాబట్టి తరువాతి కొలత సగటుకు దగ్గరగా వస్తుందన్నది దాని సారాంశం. ఒక విద్యార్థి పది గ్రాండ్ టెస్టులు రాస్తే ఇంట్లో అందరికీ గుర్తుండేది, బంధువులకు ఫోన్‌లో చెప్పేది ఆ పదింటిలో అత్యధికంగా వచ్చిన మార్కు. ఆ శిఖరాన్నే అతని స్థాయిగా భావించి అసలు పరీక్షను దానితో పోల్చినప్పుడు నిరాశ దాదాపు తప్పదు. అందుకు బదులు చివరి అయిదారు పూర్తి నిడివి టెస్టుల సగటును, వాటిలో అత్యల్పాన్ని కాగితం మీద రాసుకొని చూస్తే, చాలా సందర్భాల్లో అసలు మార్కు ఆ పరిధిలోనే ఎక్కడో ఉంటుంది. ఆర్థికశాస్త్రంలో 2002లో నోబెల్ బహుమతి పొందిన మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్, ఇజ్రాయెల్ వైమానిక దళ శిక్షకులతో పనిచేసినప్పుడు గమనించిన విషయం ఇక్కడ ఎంతో విలువైనది. బాగా నడిపిన పైలట్‌ను మెచ్చుకుంటే మరుసటిసారి తప్పు చేస్తాడని, చెడుగా నడిపినవాడిని తిడితే మరుసటిసారి బాగుపడతాడని ఆ శిక్షకులు దృఢంగా నమ్మేవారు. వాస్తవానికి మెచ్చుకున్నా తిట్టినా తరువాతి ప్రయత్నం సగటు వైపు జరిగేదే. తక్కువ మార్కులు వచ్చిన వారం తిట్టి, మరుసటి వారం మార్కులు పెరగడాన్ని తిట్ల ఫలితంగా లెక్కవేసే కాలేజీలు, ఇళ్లు సరిగ్గా ఇదే పొరపాటు చేస్తున్నాయి, దాని భారం మోస్తున్నది పదహారు, పదిహేడేళ్ల పిల్లలు.

అయితే తేడా అంతటినీ అదృష్టానికి వదిలేయడం కూడా సరికాదు, ఎందుకంటే అభ్యాసం జరిగే తీరులోనే మార్కులను పెంచి చూపే గుణం ఒకటి ఉంది. అభ్యసన శాస్త్రంలో రాబర్ట్ బ్యోర్క్ వంటి పరిశోధకులు, అభ్యాస సమయంలో కనబడే ప్రదర్శనకూ, మనసులో నిలిచిపోయే అభ్యసనానికీ మధ్య స్పష్టమైన విభజన చేశారు. మొదటిది ఎక్కువగా ఉన్నంత మాత్రాన రెండోది ఎక్కువగా ఉన్నట్టు కాదు. డగ్ రోరర్, కెల్లీ టేలర్ 2007లో ప్రచురించిన ప్రయోగంలో కళాశాల విద్యార్థులకు కొన్ని ఘనరూపాల ఘనపరిమాణాలు కనుగొనే పద్ధతులు నేర్పి, ఒక వర్గంతో ఒక్కో రకం లెక్కలను వరుసగా ఒకేచోట, మరొక వర్గంతో అన్ని రకాలనూ కలిపి చేయించారు. అభ్యాసం జరుగుతున్నప్పుడు ఒకే రకాన్ని వరుసగా చేసినవారు 89 శాతం సరిగా చేస్తే, కలిపి చేసినవారు 60 శాతమే చేయగలిగారు. వారం తరువాత పెట్టిన పరీక్షలో మొదటి వర్గం 20 శాతానికి పడిపోతే, రెండో వర్గం 63 శాతం తెచ్చుకుంది. వీకెండ్ టెస్టు సిలబస్ ముందుగానే తెలుస్తుంది, ఆ వారంలో చెప్పిన రెండు మూడు అధ్యాయాల నుంచే ప్రశ్నలు వస్తాయి, పైగా వాటిని తయారుచేసేవారు తరచుగా పాఠం చెప్పిన అధ్యాపకులో, వారి మెటీరియల్‌ను రూపొందించినవారో అయి ఉంటారు. కాబట్టి ప్రశ్న చదవగానే అది భ్రమణ చలనానికి చెందినదని విద్యార్థికి ముందే తెలిసిపోతుంది. అసలు పరీక్షలో మొదట చేయవలసిన పని ఆ ప్రశ్న ఏ అధ్యాయానిదో, ఏ సూత్రం వర్తిస్తుందో గుర్తించడమే, వీకెండ్ టెస్టులో ఎన్నడూ అడగని పని కూడా అదే. గ్రాండ్ టెస్టులు ఈ లోటును కొంత తీరుస్తాయి గానీ, పాత సంవత్సరాల ప్రశ్నలనే అంకెలు మార్చి ఇచ్చినంత కాలం అవి జ్ఞాపకశక్తిని కొలిచినంతగా సామర్థ్యాన్ని కొలవలేవు.

ఒత్తిడి సంగతిని విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే భయపడ్డాడన్న నింద దీని చుట్టూనే తిరుగుతుంది. లెక్క చేస్తున్నప్పుడు మధ్యలో వచ్చే విలువలను, తరువాతి మెట్టును తాత్కాలికంగా పట్టి ఉంచే మానసిక శక్తిని పనిచేసే జ్ఞాపకశక్తి అంటారు. ఫలితం గురించిన ఆందోళన ఆ శక్తిలో కొంత భాగాన్ని ఆక్రమించుకుంటుంది. సియాన్ బైలాక్, థామస్ కార్ 2005లో ప్రచురించిన అధ్యయనంలో, ఒత్తిడి పెంచినప్పుడు కఠినమైన లెక్కల్లో ఎక్కువగా దెబ్బతిన్నది ఈ జ్ఞాపకశక్తి అధికంగా ఉన్నవారేనని, అది తక్కువగా ఉన్నవారిపై ప్రభావం పెద్దగా లేదని తేలింది. అభ్యాసంలో బాగా రాణించిన విద్యార్థే పరీక్షలో తడబడటంలో విపరీతమేమీ లేదని, అది స్వభావ దౌర్బల్యానికి గుర్తు కాదని ఈ ఫలితం చెబుతోంది. దీనికి ఉపాయాలు కూడా పరిశోధనల్లో కొన్ని వచ్చాయి. జెరార్డో రమిరేజ్, బైలాక్ 2011లో ప్రచురించిన పరిశోధనలో పరీక్షకు ముందు పది నిమిషాలు తమ ఆందోళనలను కాగితం మీద రాసుకున్న విద్యార్థుల్లో, ముఖ్యంగా పరీక్షల భయం ఎక్కువగా ఉన్నవారిలో, మార్కులు మెరుగయ్యాయి. అమెరికా విశ్వవిద్యాలయాలకు వెళ్లే తెలుగు విద్యార్థులకు సుపరిచితమైన జీఆర్‌ఈ విషయంలో జెరెమీ జేమీసన్ బృందం 2010లో చూపినది ఏమిటంటే, గుండె వేగంగా కొట్టుకోవడం పరీక్ష బాగా రాయడానికి సాయపడవచ్చని ముందుగా విన్నవారు గణిత విభాగంలో మెరుగ్గా రాశారు. ఇవి అందరికీ ఒకే మోతాదులో పనిచేస్తాయని చెప్పలేకపోయినా, ఖర్చులేని, హానిలేని ప్రయత్నాలు. వీటికంటే సామాన్యమైనది నిద్ర. రాత్రి పదకొండు వరకు స్టడీ అవర్లు, తెల్లవారక ముందే మళ్లీ పుస్తకాలు అన్న హాస్టల్ దినచర్య పరీక్షకు ముందు వారంలోనూ కొనసాగితే, పైన చెప్పిన ఏ ఉపాయమూ ఆ నష్టాన్ని పూడ్చలేదు.

ఇన్ని కారణాల్లో ఒక నిర్దిష్ట విద్యార్థి విషయంలో ఏది నిజమో తేల్చగలిగేది రెస్పాన్స్ షీటు ఒక్కటే. ఫలితం వచ్చిన రోజున కాకుండా, నాలుగైదు రోజులు గడిచి మనసు కుదుటపడిన తరువాత, ఆ 75 ప్రశ్నలనూ గడియారం పెట్టుకోకుండా మళ్లీ చేసి చూడటం మంచిది. ఇప్పుడు కూడా చేయలేకపోయిన ప్రశ్నలు పాఠంలో ఉన్న లోటును చూపుతాయి. వాటికి ఆ అధ్యాయాన్ని మళ్లీ చదవడం తప్ప వేరే మార్గం లేదు. ఇప్పుడు తేలికగా వచ్చి, అప్పుడు అసలు తెరవకుండానే మిగిలిపోయినవి సమయ పంపకంలో లోపాన్ని చూపుతాయి, సాధారణంగా దాని మూలం ఎక్కడో ఒకే కఠినమైన ప్రశ్న దగ్గర పట్టుదలతో గడిపిన పది నిమిషాల్లో ఉంటుంది. ఇప్పుడు వచ్చి, అప్పుడు తప్పుగా గుర్తించినవాటిని ఇళ్లలో సిల్లీ మిస్టేక్స్ అని తోసిపుచ్చుతుంటారు గానీ, అత్యంత శ్రద్ధగా పరిశీలించవలసినవి ఇవే; ప్రమాణాల మార్పిడిలోనో, గుర్తు మార్చడంలోనో, ప్రశ్నలో ‘కానిది ఏది’ అన్న మాటను దాటేయడంలోనో ఒకే రకమైన తప్పు మూడు నాలుగు సార్లు కనబడితే అది అజాగ్రత్త స్థాయిని దాటి అలవాటుగా మారిందని గ్రహించాలి, ఆ అలవాటును అభ్యాసంతో మార్చుకోవచ్చు. కాగితం మీద గ్రాండ్ టెస్టులు రాసి, అసలు పరీక్షను తెర మీద చూస్తూ పక్కన రఫ్ కాగితం మీద లెక్క చేసిన విద్యార్థిలో ఈ మూడో రకం తప్పులు ఎక్కువగా ఉంటే, మిగిలిన టెస్టులన్నీ కంప్యూటర్ మీదే రాయడం అవసరం.

ఈ పరిశీలన సాగాలంటే ఇంట్లో, కాలేజీలో దానికి తగిన వాతావరణం ఉండాలి, తెలుగు రాష్ట్రాల్లో అన్నిటికంటే కొరవడినది అదే. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ మరణించిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో ఇచ్చిన తీర్పులో, మార్కుల ఆధారంగా విద్యార్థులను వేరువేరు బ్యాచ్‌లుగా విభజించడం, అందరి ముందు అవమానించడం, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం మానుకోవాలని విద్యాసంస్థలను, శిక్షణ కేంద్రాలను ఆదేశించింది. వారం వారం మార్కులతో సెక్షన్లు మారే పద్ధతిలో పెరిగిన పిల్లవాడు అసలు పరీక్షలో మార్కులు తగ్గినప్పుడు తన విలువే తగ్గిందని అనుకోవడంలో ఆశ్చర్యం లేదు, ఎందుకంటే రెండేళ్లుగా అతనికి ఆ సంస్థ నేర్పినది అదే. తండ్రి, తల్లి, అక్క, మేనమామ, ఎవరైనా సరే, మొదటి రెండు మూడు రోజులు ఫీజుల ప్రస్తావన, పక్కింటి పిల్లవాడి పర్సంటైల్ ప్రస్తావన తేకుండా, భోజనానికి పిలవడం, నిద్రపోనివ్వడం, బంధువుల ఫోన్లకు తామే జవాబు చెప్పడం వంటి చిన్న పనులతో ఎంతో మేలు చేయగలరు. విద్యార్థి ఎవరితోనూ మాట్లాడకుండా ఉండిపోవడం, తిండి మానేయడం, తాను లేకపోతే అందరికీ మంచిదన్న అర్థంలో మాట్లాడటం గమనిస్తే, ఆలస్యం చేయకుండా, అతన్ని ఒంటరిగా వదలకుండా వైద్యుల సాయం తీసుకోవాలి; కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి మాట్లాడవచ్చు.

ఇక నిర్ణయాల విషయానికి వస్తే, జనవరి సెషన్‌లో తక్కువ వచ్చినవారికి ఏప్రిల్ సెషన్ ఉంది, రెండింటిలో మెరుగైన స్కోరునే ర్యాంకుకు తీసుకుంటారు కాబట్టి రెండోసారి రాయడంలో పోయేదేమీ లేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంజనీరింగ్ ప్రవేశాలకు జరిగే ఈఏపీసెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలు ఉంటాయి, తప్పు జవాబుకు మార్కుల కోత లేదు. అది వేగాన్ని కోరే వేరే రకం పరీక్ష కనుక, జేఈఈలో తడబడిన విద్యార్థి అందులోనూ తడబడతాడని ముందే అనుకోవడానికి ఆధారం లేదు. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం విద్యార్థులకే ఉండటం వల్ల, వరంగల్ ఎన్‌ఐటీ తెలంగాణ వారికి, తాడేపల్లిగూడెంలోని ఎన్‌ఐటీ ఆంధ్రప్రదేశ్ వారికి, దేశవ్యాప్త ర్యాంకు చూసి ఊహించినదానికంటే కొంత దగ్గరగా ఉంటాయి, కౌన్సెలింగ్ చివరి రౌండ్ల వరకు ఓపిక పట్టినవారికి ఈ సంగతి బాగా తెలుస్తుంది.

ఏడాది ఆగి మళ్లీ రాయాలా అన్న ప్రశ్నకు జవాబును నిరాశ నుంచి గానీ, పట్టుదల నుంచి గానీ తీసుకోకూడదు. జేఈఈ అడ్వాన్స్‌డ్‌ను వరుసగా రెండేళ్లలో రెండు సార్లు మాత్రమే రాయవచ్చన్న నియమాన్ని ముందు గుర్తుంచుకొని, అసలు పరీక్ష మార్కు గ్రాండ్ టెస్టుల సగటుకు దగ్గరగానే ఉన్నదా, లేక అత్యల్ప మార్కుకంటే కూడా బాగా కిందికి పోయిందా అన్నది చూడాలి. సగటుకు దగ్గరగా ఉంటే, అదే కాలేజీలో అదే మెటీరియల్‌తో మరో ఏడాది గడపడం వల్ల పెద్ద మార్పు వస్తుందని ఆశించడం కష్టం. చదివే పద్ధతే మారితే తప్ప ఆ ఏడాదికి అర్థం లేదు, వచ్చిన సీటులో చేరడమే మేలు. చాలా కిందికి పోయి, దానికి జ్వరమో, నిద్రలేమో, ఒక సబ్జెక్టులో సమయం చాలకపోవడమో వంటి స్పష్టమైన కారణం రెస్పాన్స్ షీటులో కనబడితే, మళ్లీ రాయడానికి బలమైన ఆధారం ఉన్నట్టే. ఆ ఏడాదిని భరించడానికి విద్యార్థి తనంతట తాను సిద్ధంగా ఉన్నాడా అన్నది మాత్రం ఏ పత్రమూ చెప్పదు. దాన్ని అతన్నే అడగాలి, జవాబు చెప్పడానికి వారం రోజులైనా సమయం ఇవ్వాలి, వద్దని అంటే ఆ మాటను అక్కడితో అంగీకరించాలి.